గన్నేరు లేని తోట

ఆసుపత్రిలో ఆమెను అందరూ దుప్పట్లమ్మ అంటారు. కింది అంతస్తులో, బట్టలు ఉతికే యంత్రాల గదిని ఆనుకుని ఉన్న గది ఆమెది. ఉతికి ఆరిన దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషను గౌన్లు అక్కడికే వస్తాయి. చిరిగినవి పక్కన పెట్టి, మిగతావి మడిచి వార్డులకు పంపడం ఆమె పని. ఇరవై అయిదేళ్లుగా అదే గది, అదే బల్ల. దుప్పటి అంచు వేళ్ల మధ్య పట్టుకుంటే చాలు, అది ఇంకెన్నాళ్లు ఆగుతుందో చెప్పేస్తుంది.

ఆమె భర్త సిటీ బస్సు డ్రైవరు. ఆ దారిలో తిరిగేవాళ్లు ఆయనకు పెట్టిన పేరు నిదానం. పిల్లలకు అర టిక్కెట్టు తీసుకుని ఆయన బస్సెక్కితే, దిగేసరికి పూర్తి టిక్కెట్టు వయసు వచ్చేస్తుందని కండక్టరే నవ్వుతూ చెబుతుంటాడు. ఆయనకు కోపం రాదు. "ఇంటికి చేరడం ముఖ్యమా, ఆసుపత్రిలో చేరినట్టు పేపర్లో పడడం ముఖ్యమా?" అని మాత్రం ఒక్కోసారి అడుగుతాడు.

వాళ్ల ఇల్లు ఆ బస్సు ఆగే చివరి స్టాపుకు కూతవేటు దూరంలో ఉంది. రెండు గదులు, ఒక వంటిల్లు. ముందు మాత్రం ఇంటికంటే పెద్ద వాకిలి. ఆ వాకిలి తొమ్మిదేళ్లపాటు పిట్టది.

పిట్ట దుప్పట్లమ్మకు అక్క కూతురు. పిల్లకు ఎనిమిదో నెల నడుస్తుండగా అక్క జ్వరంతో పోయింది. బావగారు ఓడల్లో వెల్డరు. నెలల తరబడి నీళ్ల మీద ఉండేవాడు. పసిపిల్లను ఓడెక్కించలేడు కదా. మరదలి చేతుల్లో పెట్టి, "కొన్నాళ్లు చూడమ్మా" అన్నాడు. వీళ్లకు పిల్లలు లేరు. కొన్నాళ్లు కాస్తా ఏళ్లయ్యాయి. పిల్లకు మాటలు వచ్చినప్పుడు ఎదురుగా ఉన్నది దుప్పట్లమ్మే కాబట్టి ఆమెను అమ్మా అంది. సెలవుల్లో బొమ్మలు పట్టుకుని వచ్చేవాడు నాన్న కాబట్టి, ఇంట్లో ఉన్నాయన బాబాయి అయ్యాడు. ఎవరూ నేర్పలేదు, ఎవరూ దిద్దలేదు.

వేలెడంత పిల్ల. ఇల్లు పీకి పందిరి వేసేది. ముందు మూడు చక్రాల సైకిలు, తర్వాత రెండు చక్రాలది, ఆ పైన తాడాట, తొక్కుడు బిళ్ల. తొక్కీ తొక్కీ వాకిలి నేల బండలా గట్టిపడింది. గడ్డిపోచ కూడా మొలిచేది కాదు. పక్కింటావిడ ఒకసారి, "అంత చోటుంది, నాలుగు పూలమొక్కలు పెట్టుకోకూడదూ?" అంటే దుప్పట్లమ్మ నవ్వేసింది. "పెడితే బతకనిస్తుందా? ఆ చోటు ఇప్పటికే ఒకరికి ఇచ్చేశాం" అంది.

పిట్టకు తొమ్మిదేళ్లు నిండిన ఎండాకాలంలో బావగారు ఓడలు మానేశాడు. ఓడలు బాగుచేసే కార్ఖానాలో నేల మీద ఉద్యోగం దొరికింది. మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఆ అమ్మాయి బడిలో టీచరు. ఇద్దరూ కలిసి వచ్చారు.

టీచరమ్మ గయ్యాళిదో, పొగరుబోతుదో అయ్యుంటే దుప్పట్లమ్మకు ఎంత బాగుండేదో! పోట్లాడడానికి ఒక కొస దొరికేది. ఆమె వచ్చీ రాగానే చెప్పులు విప్పి వంటింట్లోకి వచ్చి, పక్కన నిలబడి, "పిల్ల ఏం తింటుంది, ఏది తినదు, రాత్రి దీపం ఉంటే నిద్రపోతుందా, ఆర్పేయాలా?" అని ఒక్కొక్కటే అడిగి చిన్న పుస్తకంలో రాసుకుంది. "మీరు చేసినంత నేను చెయ్యలేనక్కా. నేర్చుకుంటాను" అంది. అలాంటి మనిషిని ఏమని తిట్టాలి?

వెళ్లే రోజు పిల్ల ఏడవలేదు. ఏడ్చి గోల చేస్తుందని, గుమ్మం పట్టుకుని వదలదని దుప్పట్లమ్మ రాత్రంతా తనను తాను గట్టిపరుచుకుని కూర్చుంది. పిట్ట తలదువ్వించుకుంది, సంచి భుజాన వేసుకుంది, కారెక్కి కిటికీ పక్కన కూర్చుంది. కారు కదిలేటప్పుడు కూడా ముందుకే చూసింది. నిదానం చెయ్యి ఊపుతూ సందు మలుపు దాకా నడిచాడు. కారు కనుమరుగయ్యాక కూడా ఆ చెయ్యి దించడం మరిచిపోయాడు.

మొదట్లో రోజూ సాయంత్రం ఫోను చేసేవాళ్లు. ఫోనులో మాత్రం పిల్ల ఏడ్చేది. "అమ్మా, ఎప్పుడొస్తావు?" తప్ప ఇంకో మాట ఉండేది కాదు. మూడు వారాలు గడిచాక బావగారు ఆమె పనిలో ఉండగా ఆసుపత్రికి ఫోను చేశాడు. మంచి మనిషి, మాట తిన్నగా రాక నీళ్లు నమిలాడు. "ఏమీ అనుకోకమ్మా. నీ ఫోను వచ్చిన రోజు అన్నం ముట్టడం లేదు. బడికి కూడా వెళ్లనంటోంది. కొన్నాళ్లు నువ్వు చెయ్యకుండా ఉంటే, ఇక్కడ కాస్త కుదురుకుంటుందేమో."

"సరే బావగారూ" అంది. ఫోను పెట్టేసి, చేతిలో ఉన్న దుప్పటి మడత పెట్టింది. విప్పి మళ్లీ మడిచింది. ఆ మధ్యాహ్నం ఆ ఒక్క దుప్పటే ఎన్నిసార్లు మడిచిందో ఆమెకే తెలియదు.

ఆ కొన్నాళ్లు కూడా కొన్నాళ్లతో ఆగలేదు. పండక్కీ పబ్బానికీ బావగారే ఫోను చేసి, పిల్ల బాగుందనీ, మార్కులు బాగా వస్తున్నాయనీ చెప్పేవాడు. "పిలవనా?" అని ఒకటి రెండుసార్లు అడిగాడు. పిలిచినా పిల్ల వచ్చేది కాదు. ఆడుకుంటోందనో, నిద్రపోయిందనో చెప్పేవాడు.

ఇంట్లో ఇద్దరూ పిల్ల పేరు ఎత్తేవాళ్లు కాదు. ఒకరి ముందు ఒకరు బాగున్నట్టు ఉండడం అలవాటు చేసుకున్నారు. ఆమె ఉదయం లేచి తలుపు తీసేది. ఎదురుగా ఖాళీ వాకిలి. ఊడ్చినా ఒకటే, ఊడవకపోయినా ఒకటే. అడుగుజాడ ఉండదు.

అలా రెండు నెలలు గడిచాక ఒక సాయంత్రం నిదానం డ్యూటీ దిగి వస్తూ చంకలో ఒక మందారం మొక్క పట్టుకొచ్చాడు. నల్ల ప్లాస్టిక్ సంచిలో, జానెడు పొడుగు, ఏడెనిమిది ఆకులు.

"ఇదేమిటండీ?"

"మొక్క."

"మొక్కని నాకూ తెలుసు. ఎందుకని?"

"దారిలో ఒక నర్సరీ ఉంది కదా. రోజూ సిగ్నలు దగ్గర దాన్ని చూస్తూ ఆగుతాను. ఇవాళ దిగాను."

మర్నాడు ఆయనకు సెలవు. గడ్డపార తీసుకుని వాకిట్లోకి దిగాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు నేల మీద విరుచుకుపడ్డాడు. పిల్ల తొమ్మిదేళ్లు తొక్కిన నేల! పార దిగితే ఒట్టు. ఠంగుమని చేతులు జిల్లుమనేవి. బిందెడు నీళ్లు పోసి నానబెట్టి, మళ్లీ పొడిచాడు. మోకాలి లోతు గొయ్యి తవ్వేసరికి రెండు చెంచాలు, ఒక బొమ్మ కాలు బయటపడ్డాయి.

"దొంగముండ! ఈ చెంచాల కోసం ఆ రోజు ఇల్లంతా వెతికించింది నా చేత" అని దుప్పట్లమ్మ నవ్వింది. నవ్వు మధ్యలోనే బొమ్మ కాలు తీసి కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. ఆయన తల ఎత్తలేదు. గోతిలో ఆకు ఎరువు వేస్తూ, "నీళ్లు తే" అన్నాడు.

మందారం బతికింది. నెలన్నరకు ఎర్రగా ఒక పువ్వు పూసింది. ఉదయం విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకునే పువ్వు. డ్యూటీకి వెళ్లే తొందరలో కూడా ఆమె దాని ముందు ఆగింది. ఇన్నాళ్ల తర్వాత ఆ వాకిట్లో నిన్న లేనిది ఇవాళ కనబడడం అదే మొదటిసారి.

ఆ ఆదివారం ఇద్దరూ నర్సరీకి వెళ్లారు. నర్సరీ పెద్దాయన మాటల మనిషి కాదు. గొట్టంతో నీళ్లు పెడుతూనే బేరం చేస్తాడు. కళ్లు మాత్రం మొక్కల మీద ఉంటాయి. దుప్పట్లమ్మ నందివర్ధనాలు రెండు, నూరువరహాలు రెండు ఏరి పక్కన పెట్టింది. నిదానానికి ఒక మూలనున్న గులాబీరంగు గన్నేరు నచ్చింది. గుబురుగా, గుత్తులు గుత్తులుగా పూసి ఉంది.

"ఇది కూడా కట్టండి" అన్నాడు.

పెద్దాయన గొట్టం కింద పెట్టాడు. "దీని ఆకు, కొమ్మ, పాలు అన్నీ విషమే. నీళ్లు అడగదు, పురుగు పట్టదు, ఏడాదంతా పూస్తుంది. కానీ చూసుకుని పెట్టుకోవాలి. ఇంట్లో పిల్లలున్నారా?"

"లేరు" అంది దుప్పట్లమ్మ.

"ఉంది" అన్నాడు నిదానం.

రెండు మాటలూ ఒకేసారి వచ్చాయి. పెద్దాయన ఒకసారి ఆమె వంక, ఒకసారి ఆయన వంక చూశాడు. లేరు అన్న మాట ఆమె తన నోటితో బయటికి అనడం అదే మొదలు. ఆయనేమో గన్నేరు ఆకు రెండు వేళ్ల మధ్య పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఉంటే వద్దులే" అన్నాడు పెద్దాయన, గొట్టం మళ్లీ చేతిలోకి తీసుకుంటూ. "దీని బదులు కాగితం పూలు తీసుకోండి. ముళ్లుంటాయి గానీ ప్రాణం తియ్యవు."

కాగితం పూలు తీసుకున్నారు. తిరుగు బస్సులో ఇద్దరూ ఒళ్లో మొక్కలు పెట్టుకుని కూర్చున్నారు. బస్సు ఇంకెవరో నడుపుతున్నారు. చాలాసేపటికి ఆమె, "ఏవండీ" అంది.

"ఊఁ."

"మీకూ అలాగే ఉందా?"

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఉండకపోతే మందారం ఎందుకు తెస్తానే?" అన్నాడు.

ఆ రోజు నుంచి పిల్ల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. కొంచెం కొంచెంగా. మొక్కలకు నీళ్లు పోస్తూ, కలుపు పీకుతూ, ఒకరి మొహం ఒకరు చూడనక్కర లేని వేళల్లో.

తోట పని వాళ్లకు ఏమీ తెలియదు. మొదటి ఏడాది మొక్కలు మూడు చెరువుల నీళ్లు తాగించాయి. మొక్కకూ మొక్కకూ మధ్య కనీసం బారెడు జాగా ఉండాలని పెద్దాయన చెప్పినా ఆమె వినలేదు. ఖాళీ నేల కనబడితే ఆమెకు కళ్లకు గుచ్చుకునేది. దగ్గర దగ్గరగా నాటేసింది. "ఇవి మొక్కలు కావు, ఎనిమిదిన్నర బస్సులో జనం" అన్నాడు నిదానం. ఎదిగేకొద్దీ ఒకదాని మీద ఒకటి పడి, వెలుతురు అందక అడుగు కొమ్మలు బోసిపోయాయి. వానలు పడగానే తవ్వి దూరం దూరంగా మార్చింది. మార్చినవి వాడితే మళ్లీ నీడకు మార్చింది. "పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పినట్టు తిప్పుతున్నావు. ఒకచోట వేరు పట్టనియ్యవే" అని ఆయనంటే, ఆ మాట ఆమెకు ఎక్కడో తగిలింది. ఆ సాయంత్రం అన్నం సరిగా తినలేదు.

పిల్ల కూడా ఒకచోట వేరు పట్టాలి కదా అనుకుంది. అందుకే కదా తను ఫోను మానింది. ఆ మాటతో మనసుకు సర్ది చెప్పుకోవడం ఎన్నోసారో! పట్టపగలు బాగానే సర్దుకునేది. ఐదింటికి, బడి పిల్లల బస్సు చివరి స్టాపులో ఆగి, సంచులు ఊగుతూ దిగే వేళకు మాత్రం ఆ సర్దుబాటు పనిచేసేది కాదు. చేతిలో పని వదిలేసి గేటు దాకా వచ్చేది. ఎవరి పిల్లలో వాళ్ల ఇళ్లకు వెళ్లిపోయేవాళ్లు. ఆమె పూసిన పూలు చూడడానికే వచ్చినట్టు కాసేపు నిలబడి లోపలికి వెళ్లేది.

మూడేళ్లకు వాకిట్లో అడుగు పెట్టే చోటు లేకుండా పోయింది. గేటు నుంచి గుమ్మం దాకా ఇద్దరు పక్కపక్కన నడవలేని సన్నటి దారి మిగిలింది. అటూ ఇటూ నడుమెత్తున నూరువరహాలు, వెనక తెల్లటి నందివర్ధనాలు, గోడ వారన మూడు రంగుల మందారాలు, ప్రహరీ మీదికి పాకిన కాగితం పూలు. బస్సు కోసం ఎదురుచూసేవాళ్లు గేటు దగ్గరికి వచ్చి చూసి వెళ్లేవాళ్లు. "దుప్పట్లమ్మ తోట దగ్గర ఆపండి" అని నిదానాన్నే అడిగేవాళ్లు, ఆ తోట ఆయనదేనని తెలియక.

ఆ ఎండాకాలంలో బావగారి ఫోను వచ్చింది. టీచరమ్మకు పరీక్ష పేపర్లు దిద్దే పని పడిందట, తను పక్క ఊరికి పని మీద వెళ్లాలట. "పిల్లను మూడు రోజులు మీ దగ్గర దింపనా? అదే అడిగింది" అన్నాడు.

అదే అడిగింది! ఆ మాటను ఆమె ఆ వారమంతా నోట్లో పటికబెల్లంలా చప్పరించింది. మంచం కింద దుమ్ము దులిపింది. పిల్ల పాత దుప్పటి తీసి ఉతికి ఆరేసింది. ఆరేశాక చూస్తే అది చిన్నపిల్లల దుప్పటి. మోకాళ్ల దాకా కూడా రాదు. నవ్వుకుని, ఆసుపత్రిలో తీసేసిన వాటిలోంచి ఇంటికి తెచ్చుకున్న పెద్దది ఒకటి తీసింది.

నిదానం సెలవు పెట్టి బస్టాండుకు వెళ్లి తీసుకొచ్చాడు. గేటు తీసుకుని వచ్చిన పిల్లను చూసి దుప్పట్లమ్మ గేటు పట్టుకుని నిలబడిపోయింది. భుజం దాకా ఎదిగింది. అచ్చం అక్క నుదురు. పొడుగు జడ, పెద్దమనిషి తరహా నడక. దగ్గరికి వచ్చి కాస్త ఎడంగా నిలబడి, "బాగున్నావా పిన్నీ?" అంది.

పిన్ని. తప్పేముంది? వరస అదే కదా. "బాగున్నానమ్మా, రా" అంది. చేతిలో సంచి అందుకుంది. ఆ ఒక్క మాట మాత్రం అక్కడే గేటు దగ్గర ముల్లులా దిగిపోయింది.

పిట్ట సన్నటి దారి మధ్యలో నిలబడి చుట్టూ చూసింది. చాలాసేపు చూసింది. దుప్పట్లమ్మ, "బాగున్నాయా?" అని అడిగింది, మెచ్చుకుంటుందన్న ఆశతో.

"ఇక్కడ నేను సైకిలు తొక్కేదాన్ని" అంది పిల్ల. "ఇప్పుడు చోటే లేదు."

ఆ మాటలో కోపం లేదు. అందుకే మరీ బాధేసింది. నిదానం, "ఈ వయసులో మూడు చక్రాలది తొక్కుతానంటావా ఏంటి? చెప్పు, ఇప్పుడే రెండు మొక్కలు పీకేస్తా" అన్నాడు. పిల్ల పెదవి చివర కొంచెం నవ్వింది. అది చాలని ఆయన సంబరపడ్డాడు.

మొదటి రోజు చుట్టానికి చేసినట్టే చేశారు. అడిగినదానికి పిల్ల జవాబు చెప్పింది. బడి గురించి, స్నేహితురాళ్ల గురించి, కొత్తమ్మ గురించి. కొత్తమ్మ లెక్కలు బాగా చెబుతుందట. దుప్పట్లమ్మ అన్నిటికీ తల ఊపింది. పిల్ల పడుకున్నాక గుమ్మం దగ్గర నిలబడి చూసింది. చిన్నప్పుడు బోర్లా పడుకునేది. ఇప్పుడు వెల్లకిలా, చేతులు బొజ్జ మీద పెట్టుకుని, పరాయి ఇంట్లో పడుకున్నట్టు పడుకుంది.

మర్నాడు ఉదయం మందారాలకు పిండినల్లి పట్టి ఉంది. లేత కొమ్మల సందుల్లో తెల్లటి పిండి అంటినట్టు ఉంటుంది. వదిలేస్తే మొగ్గ విచ్చకుండానే రాలిపోతుంది. సబ్బు నీళ్లు కలిపి, పాత గుడ్డ ముక్కతో ఒక్కో కొమ్మా తుడవడం తప్ప మంచి మందు లేదు. దుప్పట్లమ్మ బక్కెట్టు పట్టుకుని కూర్చుంది. పిట్ట వచ్చి, అడగకుండానే ఇంకో గుడ్డ తీసుకుని ఎదురు కొమ్మ తుడవడం మొదలుపెట్టింది. మొక్క మధ్యలో, చెరో వైపు ఇద్దరూ. ఆకుల సందులోంచి ఒకరి మొహం ఒకరికి ముక్కలు ముక్కలుగా కనబడుతోంది.

రెండు మందారాలు అయ్యాక పిల్ల తల ఎత్తకుండా అడిగింది.

"ఫోను చెయ్యడం ఎందుకు మానేశావు?"

దుప్పట్లమ్మ చెయ్యి ఆగిపోయింది.

"నేను రోజూ ఫోను దగ్గరే కూర్చునేదాన్ని. మోగితే నేనే ముందు పరిగెత్తేదాన్ని. నువ్వు కాదు. ఎప్పుడూ నువ్వు కాదు. నేనేమైనా తప్పు చేశానేమో అనుకున్నాను. ఆ రోజు కార్లో ఏడవలేదని కోపం వచ్చిందేమో అనుకున్నాను. నేను ఏడిస్తే నువ్వు ఏడుస్తావని ఏడవలేదు, అంతే."

మీ నాన్నే చెయ్యొద్దన్నాడు అనే మాట ఆమె నాలుక చివరి దాకా వచ్చింది. అనేస్తే తన భారం దిగిపోతుంది. మూడేళ్ల మచ్చ ఒక్క మాటతో చెరిగిపోతుంది. కానీ ఎల్లుండి ఈ పిల్ల వెళ్లి ఆ ఇంట్లోనే పడుకోవాలి, ఆ మనిషి చేతి అన్నమే తినాలి. ఆయన కూడా పిల్ల మంచికే అడిగాడు. తన మీద కోపమైతే, తను దూరంగా ఉంటుంది కాబట్టి పిల్ల భరించగలదు. అక్కడి వాళ్ల మీద కోపం పెట్టుకుని అక్కడే ఎలా బతుకుతుంది?

గుడ్డ బక్కెట్టులో పడేసింది.

"నీ గొంతు వింటే పరిగెత్తుకొచ్చి ఎత్తుకొచ్చేస్తానని భయమేసిందే. రెండుసార్లు బస్టాండు దాకా వచ్చాను కూడా. మీ బాబాయికి కూడా తెలీదు. టిక్కెట్టు కొని, బస్సెక్కకుండా వెనక్కి వచ్చేశాను." ఇది అబద్ధం కాదు. అందుకే చెప్పగలిగింది. "నువ్వేం తప్పు చెయ్యలేదు. చేస్తే నేనే చేశాను."

పిల్ల కొమ్మ తుడుస్తూనే ఉంది. తుడిచిన చోటే తుడుస్తోంది. కాసేపటికి, "వచ్చుంటే బాగుండేది" అంది. గొంతు పూర్తిగా చిన్నపిల్ల గొంతైపోయింది. అప్పుడు దుప్పట్లమ్మ మొక్కను చుట్టి రాబోయి, దారి ఇరుకై, కొమ్మలు రెండు విరుచుకుంటూనే అవతలికి వెళ్లింది. పిల్ల ఆమె నడుం చుట్టూ చేతులేసి, భుజానికి మొహం ఆనించి, ఇన్నేళ్లదీ ఒకేసారి ఏడ్చింది. ఇద్దరి చేతులకూ సబ్బు నురగే.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ నిదానం లోపలికి వెళ్లిపోయి, ఉత్తినే గిన్నెలు చప్పుడు చేశాడు.

మిగిలిన రోజున్నర ఎలా గడిచిందో తెలియలేదు. పిల్ల మొక్కల గుంపు మధ్యలోని నందివర్ధనాన్ని చూసి, "దీనికి ఊపిరాడడం లేదు" అని తేల్చింది. బాబాయిని పట్టుకుని తన సంచిలో పట్టేలా నూరువరహాల కొమ్మలు మూడు కోయించుకుంది. ఏది మొదలో ఏది కొసో తెలియక తలకిందులుగా తడిగుడ్డలో చుడితే, దుప్పట్లమ్మ విప్పి సరిగా చుట్టింది. వెళ్లేటప్పుడు కూడా పిన్నీ అనే పిలిచింది. అమ్మా అనడం ఇక రాదని ఆమెకు అర్థమైంది. ఆ పిలుపు తొమ్మిదేళ్ల పిల్లది. ఆ పిల్ల కారెక్కి వెళ్లిపోయింది. వచ్చినది పన్నెండేళ్ల పిల్ల. ఈ పిల్లను మొదటి నుంచి పరిచయం చేసుకోవాలి.

పిల్ల వెళ్లిన వారానికి టీచరమ్మ ఫోను చేసింది.

"అక్కా, ఒక మాట అడుగుతాను. ఫోను ఎందుకు మానేశారని పిల్ల అడిగితే, ఆయన చెయ్యొద్దన్నారని మీరు చెప్పలేదట?"

దుప్పట్లమ్మ చేతిలో గలీబు అలాగే పట్టుకుని, "చెప్పి ఏం చేస్తాంలే అమ్మా" అంది.

అవతల టీచరమ్మ గొంతు తగ్గించింది. "నాకూ ఆ రోజు తెలుసక్కా. అలా అడగమని ఆయనతో అన్నది సగం నేనే. పిల్ల నాకు చేరువవ్వాలని తొందర. మొన్న దానికి చెప్పేశాను. రెండు రోజులుగా నాతో మాట్లాడడం లేదు. మాట్లాడుతుంది, నాకు తెలుసు. కానీ మీ మీద నింద ఉండకూడదు కదా."

దుప్పట్లమ్మకు కోపం రావాలి. వచ్చింది కూడా, మూడేళ్ల ఐదింటి వేళలన్నీ ఒక్కసారిగా కళ్ల ముందు నిలిచాయి. బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. ఆ అమ్మాయి అవతల ముక్కు ఎగబీల్చడం వినిపించింది. పిల్లకు చేరువవ్వాలన్న తొందర ఎలా ఉంటుందో తనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"అది అలిగితే బతిమాలకు" అంది చివరికి. "బతిమాలితే బిగుసుకుంటుంది. పక్కన కూర్చుని నీ పని నువ్వు చేసుకో. అదే వస్తుంది."

"రాసుకుంటున్నానక్కా" అంది టీచరమ్మ, ఏడుపులోనే.

ఆ తర్వాత పిల్ల ఏటా రెండుసార్లు వస్తోంది. ఎండాకాలంలో పది రోజులు, మధ్యలో ఒక నాలుగు రోజులు. వారానికి ఒకసారి ఫోను చేస్తుంది. ఒక్కోసారి బోలెడు మాట్లాడుతుంది, ఒక్కోసారి "ఆఁ, ఊఁ" అని పెట్టేస్తుంది. దుప్పట్లమ్మ దానికీ అలవాటు పడింది. ఐదింటి బస్సుకు గేటు దగ్గరికి రావడం మాత్రం మానలేదు. ఆ పిల్లల్లో తన పిల్ల ఉండదని తెలుసు. ఉన్న పిల్ల ఎక్కడ ఉందో, ఎలా ఉందో కూడా ఇప్పుడు తెలుసు. తెలిసినా ఆ వేళకు కాళ్లు వాటంతట అవే వస్తాయి. వస్తే రానీ అని ఊరుకుంది.

మొన్నటి ఎండాకాలం సెలవుల్లో ఒక ఉదయం ఆమె డ్యూటీకి తయారై, చెప్పులు వేసుకుని, ముందు గదిలోకి వచ్చింది. పిట్ట ఇంకా నిద్ర లేవలేదు. బోర్లా పడుకుని, ఒక కాలు దుప్పటి బయట పడేసి, నోరు కాస్త తెరుచుకుని ఉంది. బయట స్టాపులో నిదానం, రోజూ ఆమె ఎక్కే బస్సు హారను కొట్టాడు, బయల్దేరుతున్నానని. ఆమె కదల్లేదు. హారను ఇంకోసారి మోగింది. గోడకు ఆనుకుని, చెప్పులతోనే కింద కూర్చుంది.

ఇరవై అయిదేళ్ల ఉద్యోగంలో దుప్పట్లమ్మ అరగంట ఆలస్యంగా వెళ్లడం ఆసుపత్రిలో అందరికీ వింతయింది. ఎందుకని అడిగితే, బస్సు తప్పిపోయిందని చెప్పింది.